ఆరు గుణాలు – 1273 పాయింట్లు

కంప్యూటరు మీద ఆడే ఆటలలో పాత్రపోషణ ఆటలు అనేవి ఒక ప్రత్యేకమైన తెగ. వీటిలో ఆటగాడు తాను కల్పించుకొన్న ఒక పాత్ర రూపంలో సంచరిస్తాడు. ఆ పాత్రకు బలం, బుద్ధి మొదలైన గుణాలు ఉంటాయి. ఒక్కొక్క గుణానికి ఒక్కొక్క సంఖ్య ఉంటుంది. పాత్ర కొట్టే దెబ్బ ఎంత గట్టిది, తిన్న దెబ్బకు ఎంతవరకు తట్టుకొంటుంది అనే విషయాలన్నీ ఆ సంఖ్యల మీదనే ఆధారపడి ఉంటాయి.

ఈ పద్ధతి కంప్యూటరుతో పుట్టినది కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ప్రచురించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటలో, బల్ల చుట్టూ కూర్చున్నవారు మూడు పాచికలు వేసి వచ్చిన మొత్తాన్ని ఒక్కొక్క గుణానికి రాసుకొనేవారు. మూడు పాచికలు 216 విధాలుగా పడవచ్చును. వాటిలో 18 వచ్చే విధం ఒక్కటే. అంటే మహాబలుడు పుట్టడం పూర్తిగా అదృష్టాన్ని బట్టి ఉండేది. తరువాతి కాలపు ఆటలు అనేకం పాచికలను పక్కనపెట్టి, ఆటగాడికి కొన్ని పాయింట్లు ఇచ్చి, 'నీ ఇష్టమైనట్లు పంచుకో' అన్నవి. పుట్టుకతో వచ్చే గుణం పోయి, సంపాదించుకొనే గుణం వచ్చింది. చూడగానే ఇది న్యాయమైన మార్పుగా తోస్తుంది. ఐతే ఆ పంపకంలో నిజమైన స్వేచ్ఛ ఎంత ఉన్నది, ఆట పైకి చెప్పే మాటకూ లోపల నడిపే లెక్కకూ పొందిక ఉన్నదా అనేది పరిశీలించదగిన విషయం.

పరిశీలనకు 'రాగ్నరోక్ ఆన్‌లైన్' మంచి ఉదాహరణ. కొరియాకు చెందిన గ్రావిటీ అనే సంస్థ, లీ మ్యుంగ్-జిన్ రచించిన బొమ్మల కథ ఆధారంగా 2002లో దీనిని విడుదల చేసింది. వేలాది ఆటగాళ్లు ఇంటర్నెట్ ద్వారా ఒకే లోకంలో కలుసుకొని, కలిసి రాక్షసులతో పోరాడుతారు. ఇక్కడ విమర్శకు తీసుకొన్నది 99 స్థాయిలతో కూడిన దాని తొలి రూపం.

ఇందులో గుణాలు ఆరు: బలం, చురుకుదనం, దారుఢ్యం, బుద్ధి, హస్తకౌశలం, అదృష్టం. బలం ఆయుధపు దెబ్బను పెంచుతుంది. చురుకుదనం దెబ్బల వేగాన్ని, ఎదుటివాని దెబ్బ తప్పించుకొనే శక్తిని ఇస్తుంది. దారుఢ్యం ఒక్కొక్క పాయింటుకు ప్రాణశక్తిని మూల విలువలో నూటికి ఒకటి చొప్పున పెంచుతుంది. బుద్ధి మంత్రాలకు, హస్తకౌశలం గురికి, మంత్రం చదివే వేగానికి. అదృష్టం సంగతి తరువాత చెప్పవలసి ఉంటుంది.

ఏ గుణమైనా 1 నుండి 99 వరకు పెరగవచ్చును. కాని ప్రతి మెట్టుకు ధర ఒకటే కాదు. ఉన్న సంఖ్యలో నుండి ఒకటి తీసివేసి, పదితో భాగించి, శేషం విడిచిపెట్టి, వచ్చిన భాగఫలానికి రెండు కలిపితే తరువాతి మెట్టుకు ఎన్ని పాయింట్లు కావలెనో తెలుస్తుంది. 1 నుండి 11 వరకు ఒక్కొక్క మెట్టుకు 2 పాయింట్లు. 11 నుండి 21 వరకు మూడేసి. ఇట్లా పోగా 91 దాటిన తరువాత పదకొండేసి. తరగతిలో విద్యార్థులు కూడి చూడవచ్చును: ఒక గుణాన్ని 1 నుండి 99కి తేవడానికి మొత్తం 628 పాయింట్లు పడుతుంది.

ఇక ఆదాయం. పాత్ర పుట్టినప్పుడు ఆరు గుణాలలో ఇమిడి ఉన్నది 48 పాయింట్ల విలువ. ఆపైన ఒక్కొక్క స్థాయి దాటినప్పుడల్లా, ఆ దాటిన స్థాయిని ఐదుతో భాగించగా వచ్చిన పూర్ణాంకానికి మూడు కలిపినన్ని పాయింట్లు వస్తాయి. మొదటి స్థాయి దాటితే 3. తొంభై ఎనిమిదవది దాటితే 22. అన్నీ కలిపితే 99వ స్థాయికి చేరినవాని చేతికి వచ్చే జీవితకాలపు సంపాదన 1273 పాయింట్లు. సగం దారిలో, అంటే 50వ స్థాయి దగ్గర, చేతికి వచ్చినవి 420 మాత్రమే. మొత్తంలో మూడవ వంతు.

ఈ 1273ను ఎట్లా పంచవలెను?

కొత్తగా ఆడేవారు అన్ని గుణాలకు సమానంగా పంచుతారు. ఇందులో ఆశ్చర్యం లేదు. పదవ తరగతిలో ఆరు సబ్జెక్టులుంటాయి. ప్రతిదానిలోను ఉత్తీర్ణత మార్కు దాటవలెను. లెక్కలలో నూటికి నూరు తెచ్చుకొన్నా ఇంగ్లీషులో తప్పితే తప్పినట్లే. ఈ అలవాటుతో పెరిగిన విద్యార్థికి ఆరు గుణాలు కనబడగానే ఆరింటినీ సమంగా పెంచాలని తోచడం సహజం. పైగా ధరల పట్టిక కూడా ఆ బుద్ధినే ప్రోత్సహిస్తున్నట్లు కనబడుతుంది. సమంగా పంచితే ఆరు గుణాలూ 51 వరకు వస్తాయి. అందుకు అయ్యే ఖర్చు 1200. ఆరింటి మొత్తం 306. అట్లా కాక రెండు గుణాలను 99కి తీసుకొనిపోతే 1256 పాయింట్లు అయిపోయి, మిగిలిన నాలుగూ దాదాపు ఒకటి దగ్గరనే ఉండిపోతాయి. ఆరింటి మొత్తం 210 చుట్టుపక్కల. ధరను బట్టి చూస్తే సమానత్వమే చౌక.

ఐనా సమంగా పెంచిన పాత్ర ఆటలో దేనికీ కొరగాదు. కారణం, ఆటలో ఉత్తీర్ణత మార్కు అనేది లేదు. ఖడ్గధారికి బుద్ధి ఒకటే ఉన్నా ఎవరూ అడగరు. మాంత్రికునికి బలం లేకపోతే మోయగలిగే బరువు కాస్త తగ్గుతుంది, అంతే. 1200 పాయింట్లతో కొన్న ఆరు యాభైయొకట్లలో మూడో నాలుగో ఆ పాత్ర వృత్తికి అసలు పనికిరానివే.

రెండవ కారణం ఇంకా లోతైనది. ధర పెరుగుతూ పోయినట్లే, ఫలం కూడా కొన్నిచోట్ల అంతకంటె వేగంగా పెరుగుతుంది. దగ్గరగా కొట్టే ఆయుధాల విషయంలో బలం వలన వచ్చే దాడి విలువ కేవలం బలానికి సమానం కాదు. బలాన్ని పదితో భాగించి, శేషం విడిచి, ఆ భాగఫలాన్ని వర్గం చేసి దానికి కలుపుతారు. బలం 51 ఐతే 51కి 5 వర్గం, అంటే 25 కలిపి, 76. బలం 90 ఐతే 90కి 81 కలిపి 171. సంఖ్య రెట్టింపైనా కాలేదు. ఫలం రెండు రెట్లు దాటిపోయింది.

ఈ వర్గపు లెక్కలో ఒక చమత్కారం ఉన్నది. శేషం విడిచిపెడుతున్నారు కాబట్టి రేఖ సాఫీగా ఎక్కదు. మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. బలం 89 వద్ద దాడి 153. ఒక్క మెట్టు ఎక్కి 90 ఐతే 171. ఒక్క అడుగులో 18 పెరిగింది! ఆ తరువాత 99 వరకు తొమ్మిది మెట్లు ఎక్కినా పెరిగేది తొమ్మిదే. కలనగణితం నేర్చిన విద్యార్థి ఇక్కడ వాలు కనుక్కొని సమస్య సాధిద్దామంటే కుదరదు. మెట్ల మీద వాలుకు అర్థం లేదు. ఒక్కొక్క మెట్టునూ విడిగా చూచుకోవలసిందే.

90 నుండి 99కి పోవడానికి అయ్యే ఖర్చు 98 పాయింట్లు. ఫలం దాడిలో 9. ఆయుధం దాడి 120 అనుకొంటే, మొత్తం 291 నుండి 300కి పెరిగింది, అంటే నూటికి మూడు. అదే 98 పాయింట్లను హస్తకౌశలంలో పెడితే ఏమవుతుంది? 31 ఉన్న హస్తకౌశలం సరిగ్గా 49 అవుతుంది. దెబ్బ తగిలే అవకాశం ఈ ఆటలో కూడిక, తీసివేతలతోనే తేలుతుంది: కొట్టేవాని స్థాయి, హస్తకౌశలాల మొత్తంలో నుండి ఎదుటివాని స్థాయి, చురుకుదనాల మొత్తం తీసివేసి, 80 కలిపితే నూటికి ఎన్ని దెబ్బలు తగులుతాయో వస్తుంది. కాబట్టి నూటికి 70 దెబ్బలు తగిలే చోట ఇప్పుడు 88 తగులుతాయి. హాని నాలుగింట ఒక వంతు పెరిగింది. హస్తకౌశలంలో ప్రతి ఐదుకు దాడిలో ఒకటి చొప్పున కూడా కలుస్తుంది కాబట్టి, విడిచిపెట్టిన తొమ్మిదిలో మూడు తిరిగి చేతికి వచ్చినవి కూడా. నూటికి మూడు ఒకవైపు, నూటికి ఇరవై ఐదు మరొకవైపు. ధర మాత్రం ఒకటే. ఐనా '99' అనే అంకెను కళ్లతో చూచుకోవాలనే మోజు కొద్దీ ఆ 98 పాయింట్లను బలంలోనే ధారపోసినవారు తక్కువేమీ కాదు.

ఈ భేదానికి మూలం కూడికకూ గుణకారానికీ ఉన్న భేదం. పోరాటంలో కలిగించే హాని, ఒక దెబ్బ విలువను దెబ్బల వేగంతోను, తగిలే అవకాశంతోను గుణిస్తే వచ్చే లబ్ధం. చుట్టుకొలత మారకుండా దీర్ఘచతురస్రం గీస్తే, భుజాలు సమానమైనప్పుడే వైశాల్యం అధికతమం అని ఉన్నత పాఠశాలలోనే చెబుతారు. ఒక భుజాన్నే సాగదీస్తూ పోతే గీత మిగులుతుంది గాని వైశాల్యం మిగలదు. లబ్ధంలో పాల్గొనే గుణాల మధ్య సమత్వం, పాల్గొనని గుణాల పట్ల నిర్దయ: కొత్తవాడు మొదటిది పట్టుకొని రెండవది మరచిపోతాడు, 99 మోజు గలవాడు రెండవది పట్టుకొని మొదటిది మరచిపోతాడు.

గుణకారం కంటె ఎక్కువగా విద్యార్థిని ఆకట్టుకొనేది దెబ్బ తప్పించుకొనే లెక్క. నూటికి 20 దెబ్బలు తప్పించుకొనేవాడు చురుకుదనం పది పెంచి 30 తప్పించుకొన్నాడనుకోండి; తగిలే దెబ్బలు 80 నుండి 70 అయినవి. ఎనిమిదవ వంతు ఉపశమనం. 80 తప్పించుకొనేవాడు అదే పది పెంచితే తగిలే దెబ్బలు 20 నుండి 10 అయినవి. సగానికి సగం! ఇంకొక ఐదు పెంచితే మళ్లీ సగం. అంటే చురుకుదనంలో కొద్దిగా పెట్టడం కంటె అసలు పెట్టకపోవడం మేలు. పెడితే చివరి వరకు పెట్టవలెను. ఆపైన ఒక గోడ ఉన్నది: నూటికి 95కి మించి ఈ పద్ధతిలో తప్పించుకొనే వీలు లేదు. గోడ తగిలిన తరువాత పెట్టే ప్రతి పాయింటూ బూడిదలో పోసిన పన్నీరే.

మంత్రగాళ్ల హస్తకౌశలానిది కూడా ఇదే నడక. మంత్రం చదివే కాలం 150 భాగాలనుకొంటే, హస్తకౌశలం ఒక్కొక్క పాయింటుకు ఒక్కొక్క భాగం తగ్గుతుంది. 'స్టార్మ్ గస్ట్' అనే మంచుతుఫాను మంత్రం పూర్తిగా నేర్చినవానికి దాని మూలకాలం 15 సెకండ్లు కాబట్టి లెక్క మరీ సులభం: పాయింటుకు సెకండులో పదవ వంతు. 30 నుండి 40కి పెంచితే 12 సెకండ్లు 11 అవుతుంది. ఎవరికీ తెలియను కూడా తెలియదు. వృత్తి వలన, ధరించిన వస్తువుల వలన కలిసివచ్చిన దానితో కలిపి 130 ఉన్నదానిని 140 చేస్తే 2 సెకండ్లు ఒక సెకండు అవుతుంది. 150 ఐతే మంత్రం అనుకోగానే పడుతుంది. పది పాయింట్లు పదిగానే ఉన్నవి. వాటి విలువ మాత్రం ఎక్కడ పెట్టినారన్న దానిని బట్టి మారిపోతున్నది.

ఆటను రూపొందించినవారి నిజమైన ప్రతిభ చురుకుదనానికి పెట్టిన మరొక నిబంధనలో కనబడుతుంది. ఇద్దరి వరకు ఎంతమంది మీదపడినా ఫరవాలేదు. మూడవ రాక్షసుని దగ్గర నుండి ఒక్కొక్కనికి, తప్పించుకొనే విలువలో నూటికి పది చొప్పున కోత పడుతుంది. ఆ విలువ 200 ఉండి, సరిగ్గా 95 గోడకు ఆనుకొని నిలిచినవాని మీదకు మూడవవాడు వచ్చినాడంటే విలువ 180 అవుతుంది. నూటికి 5 తగిలే దెబ్బలు 25 అవుతాయి. కొట్టేవారు ఇద్దరికి బదులు ముగ్గురు. మొత్తం మీద తగిలేవి ఏడున్నర రెట్లు! ఇద్దరితో హాయిగా పోరాడుతున్నవాడు మూడవవాడు రాగానే ఎందుకు కూలిపోయినాడో తెలియక తికమకపడేవారు. ఇక్కడనే దారుఢ్యం విలువ తెలుస్తుంది. దానికి ఎందరు మీదపడినా ప్రాణశక్తి తరగదు. రెండు గుణాలకూ వేరువేరు రంగాలున్నవి. ఏది ఎక్కువ అనే ప్రశ్నకు, ఎక్కడ అనే ఎదురు ప్రశ్నే జవాబు. మంచి ఎన్నిక అంటే ఇట్లా ఉండవలెను.

అదృష్టానికి మాత్రం ఈ గౌరవం దక్కలేదు. 628 పాయింట్లూ పోసి దానిని 99 చేస్తే, నూటికి సుమారు 30 దెబ్బలు ఎదుటివాని రక్షణతో నిమిత్తం లేకుండా తప్పక తగిలే మహాప్రహారాలవుతాయి. నూటికి పది చొప్పున దెబ్బలు ఊరకనే తప్పిపోతాయి. కటార్ పట్టిన హంతకవృత్తివానికి ఆ మహాప్రహారాల అవకాశం రెట్టింపవుతుంది కనుక అతనికి ఇది పనికివస్తుంది. తక్కిన వృత్తులలో అత్యధికులకు అదృష్టం ఒక అలంకారం. ఆరు గుణాలని చెప్పి చూపిన చోట చాలామందికి నిజంగా ఉన్నవి ఐదే. అన్నిటికీ ఒకే ధరల పట్టిక పెట్టడంలో వచ్చిన లోపమిది. వంకాయకూ కుంకుమపువ్వుకూ ఒకే ధర పెట్టిన అంగడిలో, కొనేవాని తెలివి ఏది కొనవలెనన్నంతవరకే ఉంటుంది. ఎంత కొనవలెనన్న ఆలోచన రాదు.

ఇంతకంటె పెద్ద లోపం, ఈ సూత్రాలు ఏవీ ఆటలో చెప్పకపోవడం. తెర మీద తరువాతి మెట్టు ధర కనబడుతుంది. దాడి, గురి వంటి విలువలు కనబడతాయి. వర్గపు మెట్లు, మూడవ రాక్షసుని కోత, 95 గోడ కనబడవు. వాటిని ఆటగాళ్లే కనిపెట్టినారు. బలం 29 నుండి 30 ఐనప్పుడు దాడి ఎందుకు దూకినదో చూచి, 39 నుండి 40కి మళ్లీ దూకితే ఎంత దూకినదో రాసుకొని, తప్పిన దెబ్బలను వందల కొలది లెక్కపెట్టి, సూత్రం ఊహించి, మరొక పాత్ర మీద పరీక్షించి తెలుసుకొన్నారు. ప్రకృతి నియమాలను వెదికే పద్ధతి ఇదే కనుక సైన్సు ఉపాధ్యాయునికి ఇది ముచ్చటగానే ఉంటుంది. ఐతే ప్రయోగశాలలో ప్రయోగం తప్పితే మళ్లీ చేయవచ్చును. ఈ ఆట తొలినాళ్లలో ఒకసారి పెట్టిన పాయింటును వెనుకకు తీసుకొనే దారి లేదు. నెలల తరబడి ఆడి 80వ స్థాయికి వచ్చిన తరువాత పొరపాటు తెలిస్తే, కొత్త పాత్రతో ఒకటవ స్థాయి నుండి మొదలుపెట్టవలసిందే. ఎన్నిక తిరుగులేనిది కావచ్చును; లేదా నియమాలు గుప్తంగా ఉండవచ్చును. రెండూ కలిపి పెడితే అది ఎన్నిక కాదు, లాటరీ. పాచికలను తీసివేసి తెచ్చిన న్యాయం కాస్తా మళ్లీ పాచికల దగ్గరకే చేరింది. తరువాతి కాలంలో పాయింట్లను తిరిగి పంచుకొనే వెసులుబాటును అక్కడక్కడ కల్పించడం ఈ తప్పును ఒప్పుకొన్నట్లే.

పాత్రను సృష్టించే మొదటి క్షణంలో కనబడే షడ్భుజి గురించి మాత్రం అనవసరంగా భయపడేవారు. అందులో బలానికి ఎదురుగా బుద్ధి, చురుకుదనానికి ఎదురుగా అదృష్టం, దారుఢ్యానికి ఎదురుగా హస్తకౌశలం ఉంటాయి. ఒక్కొక్క జత మొత్తం పది. ఒకటి పెంచితే ఎదుటిది తగ్గుతుంది. ఏమీ తెలియక అన్నిటినీ ఐదు దగ్గర వదిలినవాడు, తరువాత మూడు గుణాలనే వాడుకొంటే నష్టపోయేది 24 పాయింట్లు. 1273లో రెండు శాతం కూడా లేదు. చురుకుదనమూ అదృష్టమూ రెండూ కావలసిన కటార్‌ధారికి అవి రెండూ ఎదురెదురుగా ఉండడం చూడగానే గుండె గుభేలుమంటుంది. కాని మొదట తగ్గినదానిని పాయింటుకు రెండు చొప్పున తరువాత కొనుక్కోవచ్చును. ఎదురెదురుగా గీసిన బొమ్మ వలన కలిగిన భ్రమే తప్ప లెక్కలో ఆ విరోధం లేదు.

ఇన్ని లోపాలున్నా ఈ పంపకం రెండు దశాబ్దాల తరువాత కూడా తలచుకోదగినదిగా ఉండడానికి కారణం, ఆట ఒంటరిది కాకపోవడం. ఒక్కడు ఆరు గుణాలనూ పెంచితే ఒక్కొక్కటి 51 దగ్గర ఆగుతుంది. ముగ్గురు కలిసి, ఒక్కొక్కరు రెండేసి గుణాలను 99 చేసుకొంటే, ఆ జట్టులో ఆరు గుణాలూ తొంభైతొమ్మిదే. ఖడ్గధారి బలంతోను, దారుఢ్యంతోను ముందు నిలబడి రాక్షసులను ఆపుతాడు. వెనుక మాంత్రికుడు మంచుతుఫాను చదువుతాడు. పూజారి ఇద్దరి గాయాలూ మాన్పుతాడు. ఒంటరిగా వదిలితే ఆ మాంత్రికుడు ఒక్క రాక్షసుని ముందు కూడా నిలువలేడు. శ్రమవిభజన వలన ఉత్పత్తి ఎట్లా పెరుగుతుందో ఆడమ్ స్మిత్ 1776లో గుండుసూదుల కర్మాగారం ఉదాహరణతో చెప్పినాడు. ఇక్కడ అదే విషయం ముగ్గురు కుర్రవాళ్లు ఒక సాయంత్రం ఆడుకొంటూ తెలుసుకొన్నారు. పాత్రలో లేని సమత్వం జట్టులో వస్తున్నది. అందుచేత 'ఏ గుణానికి ఎంత' అనే ప్రశ్నకు ముందు 'ఎవరితో కలిసి' అనే ప్రశ్న వేసుకోవలసి ఉంటుంది. ఒంటరిగా తిరిగేవానికి చురుకుదనం, జట్టులో ముందు నిలిచేవానికి దారుఢ్యం అనే వాడుక ఏర్పడడానికి మూలం ఇదే.

2010 ప్రాంతంలో 'రెన్యూవల్' అనే పెద్ద సవరణ వచ్చినప్పుడు ఈ సూత్రాలను చాలావరకు మార్చివేసినారు. బలంలోని వర్గపు మెట్లు పోయినవి; ఒక్కొక్క బలానికి ఒక్కొక్క దాడి చొప్పున రేఖ సాఫీ అయింది. మంత్రం చదివే కాలంలో ఒక భాగాన్ని హస్తకౌశలంతో తగ్గించడానికి వీలులేని స్థిరభాగంగా చేసినారు. తగ్గే భాగానికి బుద్ధిని కూడా జతచేసినారు. కొత్తవానికి ఇది మేలే. 89 దగ్గర ఆగి నష్టపోయే ప్రమాదం ఇక లేదు. ఐతే 90వ మెట్టు ఎక్కి నిలబడి, చేతిలో ఉన్న 98 పాయింట్లను చూచుకొంటూ, పైకి పోవలెనా, పక్కకు తిరగవలెనా అని కాగితం కలం తీసుకొని లెక్క వేసుకొనే అవసరం కూడా దానితోనే పోయింది.